గుండెచెవి

ఆశ్వయుజ బహుళ పాడ్యమి, సాయంత్రం

ఇవాళ తనిఖీ మొదలుపెట్టాను. మానులంకలో మొత్తం అరవై రెండు మానులు, వాటి మంచెల మీద వెయ్యి మంది జనం, చూసే మనిషిని నేనొక్కదాన్ని. అమావాస్య దగ్గరపడితే సముద్రం మీద గాలి తిరగబడుతుంది. ఆలోపు ఏ మాను నిలబడుతుందో, ఏది నిలబడదో ఈ పలకలో ఎక్కించి సంఘానికి చెప్పాలి. ఉప్పునీళ్లలో బతకడానికని మా తాతల నాడు ఏదో ప్రయోగశాలలో పుట్టించిన మానులివి. ఇవి ఉన్నాయి కాబట్టే ఊళ్లు మునిగినా మేం మునగలేదు.

పొద్దున్నే కిటికీ గట్టు తుడిచి బయల్దేరాను. రోజూ ఇదే చాకిరీ. సన్నటి గోధుమరంగు దుమ్ము, ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ మీద కూడా. ఇటుకల పడవలు తిరిగినంత కాలం ఈ దుమ్ము తప్పదంటుంది అక్క. మా అక్క నూకాలమ్మ మంచె మీదే కూర్చుని పీచు తాళ్లు పేనుతుంది. మోకాళ్లు పట్టేసి మూడేళ్లుగా కిందికి దిగలేదు గానీ, ఆవిడ నోరు మాత్రం రోజూ లంకంతా తిరిగొస్తుంది.

మొదటగా సముద్రం వైపు వరసలో ముప్పై ఒకటో మాను. అక్కడుండే వలలు బాగుచేసే అప్పలకొండ నా పడవ కనిపించగానే మజ్జిగ చెంబుతో ఎదురొచ్చాడు. మెట్టు చెక్క మీద ముగ్గు వేసి ఉంది. కాండం అంతా చింతపండుతో తోమేశాడు. మెట్ట నుంచి పడవలో వచ్చే చింతపండు ఇక్కడ పులుసులోకే చాలదు. అయినా తనిఖీ అమ్మ వస్తుందంటే ముందురోజే నానబెట్టి, పీచు పెట్టి, ఇత్తడి బిందెను తోమినట్టు మానును తోముతారు. అది మా లంక మర్యాద.

"సూడండమ్మా, మీ మొకం కనిపించీలా తోమినాను" అన్నాడు.

"మెరిసిపోతోంది అప్పలకొండా" అన్నాను. నాకా మెరుపంటే ఇష్టం, దాచుకోవడం దేనికి.

కాండం మీద ఏడు చెవులున్నాయి. చెవులంటే చెట్టుకు పళ్లేల్లా బయటికి పెరిగే గట్టి పుట్టగొడుగులు. వాటిలో రెండు రకాలు. తోలుచెవి పైపై బెరడు తిని ఊరుకుంటుంది, దాంతో భయం లేదు. గుండెచెవి లోపలి చేవను తినేస్తుంది. ఆకు పచ్చగానే ఉంటుంది, కొమ్మ చిగురు వేస్తూనే ఉంటుంది, లోపల పిండి తప్ప ఏమీ మిగలదు. పైరంగు చూస్తే రెండూ ఒకటే, అడుగున తెలుపు కూడా ఒకటే. పలకలోని కెమెరా కన్నుకు చూపిస్తే ఒకసారి ఇదంటుంది, ఇంకోసారి అదంటుంది. అందుకే దబ్బనం పట్టుకు తిరుగుతాను. చెవి అడుగున ఒక గీత గీసి రెండు వందలు లెక్కపెట్టాలి. గీత గోధుమరంగుకు తిరిగితే గుండెచెవి, తెల్లగా ఉండిపోతే తోలుచెవి.

ఏడు చెవులకీ ఏడు గీతలు గీశాను. ఏడూ తెల్లగానే ఉన్నాయి. "నిలబడుతుంది" అని రాశాను.

తదియ, మధ్యాహ్నం

ముప్పై ఒకటో మాను పడిపోయింది. గాలి లేదు, కెరటం లేదు. పట్టపగలు, పన్నెండు గంటలకి, మొదలు దగ్గర విరిగి మూడు మంచెలతో సహా నీళ్లలో పడింది. పదకొండు మందిని బయటికి లాగాం. అప్పలకొండ ఒక్కడూ వల కింద చిక్కుకుని మునిగిపోయాడు.

వాడి పెళ్లాం పైడితల్లి చేపల పడవలో బేరానికి వెళ్లి ఉంది. తిరిగొచ్చేసరికి ఆవిడ ఇల్లున్న చోట ఆకాశం ఉంది. ఆవిడ ఏడవలేదు. నా దగ్గరికొచ్చి ఒకటే అడిగింది.

"మొన్న మీరు సూసి బాగుందన్నారు కదమ్మా?"

అన్నాను. నేనే అన్నాను. తలూపాను.

చవితి

పొద్దున్నే పడవేసుకుని వెళ్లి విరిగిన చోటు చూశాను. చెయ్యి పెడితే చేవ తడిపిండిలా ఊడి వచ్చింది. రాత్రంతా నీళ్లలో నానిన చెవి ఒకటి కోసి గీశాను. నలభై లెక్కపెట్టేలోపే గీత గోధుమరంగుకు తిరిగింది. గుండెచెవే, అనుమానం లేదు. అయితే మొన్న ఎందుకు తిరగలేదు? దబ్బనం అదే, చెయ్యీ అదే. రెండు వందలు లెక్కపెట్టకుండా వదిలేశానా? లేదు. అప్పలకొండ కూడా పక్కన నిలబడి నాతో పాటు లెక్కపెట్టాడు.

సంఘం కార్యదర్శి వరహాలు మంచి మనిషే గానీ గొడవంటే గిట్టదు. పలక నా ముందు పెట్టి, "ఉప్పు తినీసి పడిపోనాదని రాసీ, పారమ్మా. జనం ఊరుకుంటారు. నీ మాట మీద నమ్మకం పోతే మిగతా మానుల సంగతేటి?" అన్నాడు.

"ఉప్పు తినలేదు వరహాలూ, చెవి తినీసింది. నాకు తెలియలేదు" అన్నాను.

"తెలియలేదని మాత్రం రాయకు తల్లీ."

నేనేమీ రాయలేదు. ఎందుకు పడిందన్న గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

షష్ఠి

ఇరవై నాలుగు మానులు అయ్యాయి. ఒక్క గీత కూడా రంగు మారలేదు. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం పెరుగుతోంది. ప్రతి మాను దగ్గరా ముగ్గు, మజ్జిగ, మెరిసే కాండం. చూసిన మానునే దిగి మళ్లీ ఎక్కి చూస్తున్నాను. రెండు వందలు చాలదని నాలుగు వందలు లెక్కపెడుతున్నాను. పన్నెండో మాను వాళ్లయితే, "ఏటమ్మా, మా మీద అనుమానమా?" అని మొహం ముడుచుకున్నారు.

గాలి బోర్డు మీద ఎర్ర గీత కనిపించింది. సముద్రంలో ఏదో లేచిందట. వారం రోజుల్లో వస్తుందట. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలియడం లేదు. అన్నం ముందు కూడా నిలబడే ఉన్నానని అక్క తిట్టింది.

సప్తమి, పది గంటలకి

తొందరలో రాస్తున్నాను, తప్పులుంటే తరవాత దిద్దుతాను.

ఇవాళ బుద్ధి ఎక్కడో పెట్టుకుని అరటికాయలు తరుగుతున్నాను. చెక్కు తీసిన ముక్కల్ని ఉత్తి పళ్లెంలో పడేస్తున్నాను. అక్క తాడు పేనుతూనే అరిచింది.

"ఏటే ఆ తరగడం! ముక్కలన్నీ నల్లబడిపోతన్నాయి. కాసింత చింతపండు నీళ్లలో వెయ్యకూడదూ?"

వేశాను. ముందు పళ్లెంలో పడేసినవి నల్లబడ్డాయి. చింతపండు నీళ్లలో వేసినవి తెల్లగా ఉన్నాయి. నేను అలాగే చూస్తూ ఉండిపోయాను.

"ఏటే, అలా బొమ్మలా అయిపోనావు?"

కత్తిపీట అక్కడే వదిలేసి పరిగెత్తాను. ముప్పై ఒకటో మాను నుంచి కోసి తెచ్చిన చెవి ఒకటి నా సంచిలో ఉంది. దానికి సగం వరకు చింతపండు పులుసు పట్టించి పీచుతో తోమాను. రెండో సగం మంచినీళ్లతో కడిగాను. రెండు వైపులా గీసి లెక్కపెట్టాను. కడిగిన సగం ముప్పై ఎనిమిదికి తిరిగింది. తోమిన సగం రెండు వందలకీ తెల్లగానే ఉంది. మూడు వందలకీ తెల్లగానే ఉంది.

ఓరి దేవుడా. పన్నెండేళ్లుగా మేమంతా మానుల్ని తోమి తోమి నా కళ్లు మూసేశాం.

మేమంతా అని ఎందుకు రాయడం? నేనే. నేను తనిఖీకి కొత్తగా వచ్చిన ఏడు, ఒక మాను కాండం నిండా పిట్టల రెట్ట ఉందని అందరి ముందూ ఆ ఇంటివాళ్లని కడిగేశాను. పక్క మాను వాళ్లు భయపడి చింతపండుతో తోమితే ఎంత బాగుందో అని మెచ్చుకుని, సంఘంలో వాళ్ల పేరు చదివించాను. మర్నాటి నుంచి లంకంతా తోమడం మొదలుపెట్టింది. ఈ మర్యాద తాతలు నేర్పింది కాదు. నా మెప్పు కోసం పుట్టింది.

అష్టమి

వరహాలుకి సగం తెలుపు, సగం గోధుమ ఉన్న చెవి చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇప్పుడేటి చేస్తావు? అందరూ ఇప్పటికే తోమీసుకున్నారు కదా."

"నిచ్చెన అందినంత వరకే తోముతారు. ఆ పైన ఎవరి చెయ్యీ పడలేదు. పైకెక్కి చూస్తాను. చెప్పకుండా వెళ్తాను."

"చెప్పకుండానా? పారమ్మా, పిలవకుండా ఇంటికెళ్లినట్టుంటాది. నీ వయసేటి, ఆ కొమ్మలేటి?"

నాకు నలభై ఆరు. ఐదు రోజులు, అరవై ఒక్క మానులు. అతనితో మాట్లాడుతూ నిలబడితే అందులో ఒక మాను సమయం పోతుంది. తాడు నడుముకి కట్టుకుని బయల్దేరాను.

దశమి

ఏడు, పదహారు, ఇరవై రెండు, నలభై, నలభై ఒకటి, యాభై, యాభై మూడు, అరవై. ఈ ఎనిమిది మానుల్లోనూ మంచెలకు పైన, చెయ్యి పడని చోట, గీసిన గీత యాభై దాటకుండా తిరిగింది. ఎనిమిదింటికీ ఎర్రగుడ్డ కట్టాను. ఎర్రగుడ్డ పడితే దిగిపోయి మెట్టకు వెళ్లాలి, అది నియమం.

ఎవరూ దిగలేదు. నలభయ్యో మాను మీద ఒక పెద్దావిడ, "మా సేత సింతపండుతో తోమించుకుని మా మానుకే ఎర్రగుడ్డ కడతావా?" అని చీపురు తిరగేసింది. మొన్న తెల్లగా ఉందన్నదానివి ఇవాళ గోధుమ అంటున్నావు, రేపేమంటావని అందరూ అడిగారు. వాళ్లని తప్పుపట్టలేను. అడగాల్సిన మాటే అడిగారు.

ఒక సంగతి మాత్రం రాసిపెట్టాలి. ఈ ఎనిమిది మానుల మీదా మూతల మీద, వడియాల గుడ్డల మీద, కిటికీ గట్ల మీద సన్నటి గోధుమరంగు దుమ్ము చూశాను. ఇటుకల పడవల దుమ్ము అని అక్కడా అన్నారు. మంచి మానుల మీద ఆ దుమ్ము లేదు. పడవలు అన్ని మానుల పక్క నుంచీ వెళ్తాయి. ఇది చెవి రాల్చే పొడి, ఇటుక పొడి కాదు.

రాస్తూ రాస్తూ తలెత్తి మా ఆవకాయ జాడీ వైపు చూశాను.

ఏకాదశి, పొద్దున్న

పంతొమ్మిదో మానును ఇన్నాళ్లూ చివరికి ఎందుకు వదిలేశానో నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. ఇవాళ ఎక్కాను. అక్క కింద నుంచి, "మన మానుకేటే, నానే పనిపిల్ల చేత తోమించాను" అంటోంది. గీశాను. ముప్పై ఒకటికి తిరిగింది.

దిగి ఎర్రగుడ్డ బయటికి తీసేసరికి అక్కకి అర్థమైపోయింది. చేతిలో తాడు పక్కన పెట్టింది.

"నానెలా దిగుతానే? మూడేళ్లయింది."

"నీ తాడుతోనే దింపుతానక్కా."

"నువ్వు పొరబడ్డావేమో."

"పొరబడితే ఆవకాయ జాడీతో సహా మళ్లీ ఎక్కిస్తాను. పొరబడకపోతే?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆవిడ ముందే ఏడ్చేశాను. ఈ మంచె వదిలితే ఆవిడకి పేనడానికి చోటు లేదు, తిట్టడానికి ఇరుగుపొరుగు లేరు. అదంతా తెలిసే అడుగుతున్నాను.

చివరికి ఆవిడే అంది. "అందరూ నీ గుడ్డని చూసి నవ్వుతన్నారంట కదా. ముందు నన్ను దింపు. పట్టపగలే దింపు, అందరూ చూడాల. వరహాలుని పిలు, తాడు ఆ పక్క పట్టుకోడానికి."

పదకొండు గంటలకి, తాను పేనిన తాళ్లతో కట్టిన ఉయ్యాలలో, ఒళ్లో జాడీ పెట్టుకుని నూకాలమ్మ కిందికి దిగింది. దిగుతున్నంత సేపూ వరహాలుని తిడుతూనే ఉంది. చుట్టూ మంచెల మీద జనం బయటికొచ్చి చూశారు. మధ్యాహ్నానికి పదహారో మాను వాళ్లు మూటలు కట్టుకున్నారు. సాయంత్రానికి చీపురు పెద్దావిడ కూడా పడవెక్కింది.

ద్వాదశి, మెట్ట మీద బడి షెడ్డులో

తొమ్మిది మానుల జనమూ ఇక్కడున్నారు. సంఘం కూడింది. ఎందుకిలా జరిగిందో చెప్పమన్నారు. వరహాలు నా చెవిలో, "చింతపండు మాట ఎత్తకు. పైడితల్లి ముందు వరసలో ఉంది. తన మొగుడు తోమడం వల్లే తెలియలేదని వింటే ఆ మనిషి ఏటైపోతాదో" అన్నాడు.

నిజమే. కానీ చెప్పకపోతే వచ్చే ఏడు మళ్లీ తోముతారు. నిన్న రాత్రంతా నేనూ ఈ ఒక్కటే ఆలోచిస్తూ నిద్రపోలేదు.

లేచి అంతా చెప్పాను. చెవి చూపించాను. తరవాత పైడితల్లి వైపు తిరిగి, "నీ మొగుడు తోమింది నేను మెచ్చుకుంటానని తోమాడు. అందరికీ ఆ తోమడం నేర్పింది నేను. మెరిసిపోతోందన్నాను, నిలబడుతుందని రాశాను. పలకలో అదే రాస్తున్నాను. నన్ను తీసేస్తే తీసెయ్యండి" అన్నాను.

పైడితల్లి లేచి, చీర కొంగు భుజం మీదికి లాక్కుని, షెడ్డు దాటి వెళ్లిపోయింది. ఆవిడ వెనకాల వెళ్లాలనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ముప్పై ఒకటో మాను గడిలో ఇవాళ రాశాను: గుండెచెవి. చూసిన నాదే తప్పు.

చతుర్దశి

నిన్న గాలి వచ్చి వెళ్లింది. షెడ్డు రేకులు సగం ఎగిరిపోయాయి. తెల్లారాక పడవ మీద వెళ్లి చూశాను. ఎర్రగుడ్డ కట్టిన తొమ్మిదిలో ఆరు పడిపోయాయి. మిగతా లంకంతా నిలబడే ఉంది.

నిలబడ్డ మూడింటిలో మాది ఒకటి. ఒక పక్కకి ఒరిగి ఉంది. దబ్బనం గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. అక్కకి చెబితే, "అయితే నన్ను ఊరికే దింపినావని జనం అంటారేమోనే" అంది. తరవాత కళ్లు తుడుచుకుంది.

నన్ను తీసెయ్యలేదు. వేరే ఎవరూ దొరక్క అయి ఉంటుంది. సంఘం ఒక కొత్త నియమం పెట్టింది: తనిఖీకి ముందు మానును కడగకూడదు, తోమకూడదు, ముగ్గు కూడా వద్దు. ముగ్గు వల్ల నష్టమేమీ లేదన్నాను, వినలేదు.

కార్తీక శుద్ధ విదియ

గాలి దెబ్బకి కొమ్మలు చీలిన మానుల్ని మళ్లీ చూడాలి. ఇవాళ పన్నెండో మాను. పైడితల్లి అన్నగారిల్లు అక్కడే ఉందని నాకు తెలుసు. పడవ కట్టి కాసేపు అందులోనే కూర్చున్నాను.

మెట్టు చెక్క మీద బురద. కాండం మీద రెట్ట, చీమల బారులు, చిరిగిన వల పీలికలు. ఇంటివాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. పైడితల్లి వదినగారు, "ఇలా మాసిపోయిన మాను సూపించాలంటే సిగ్గుగా ఉందమ్మా. మేం కడుగుతామంటే మా ఆడపడుచు కర్రట్టుకుని కూకుంది, ఎవర్నీ సెయ్యి పెట్టనివ్వలేదు" అంది.

పైడితల్లి మెట్ల పైన కర్ర పట్టుకుని కూర్చునే ఉంది. నన్ను చూసి లేచింది. బాగున్నారా అనలేదు, మజ్జిగ ఇవ్వలేదు. కిందికి దిగి, నా సంచిలోంచి దబ్బనం తానే తీసి నా చేతిలో పెట్టింది.

"గీకండి. నాను లెక్కెడతాను."

గీశాను. ఆవిడ చెవికి మొహం ఆనించి, రెప్ప వెయ్యకుండా ఆ గీతనే చూస్తూ గట్టిగా లెక్కపెట్టింది. ముప్పై దాటింది. నలభై దగ్గర నేనూ గొంతు కలిపాను. ఆ తరవాత ఇద్దరం కలిసే లెక్కపెట్టాం. నూట తొంభై తొమ్మిది. రెండు వందలు.

గీత తెల్లగానే ఉంది.

ఇంటివాళ్లు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. వదినగారు మజ్జిగకి లోపలికి పరిగెత్తింది. నేను దబ్బనం తుడుచుకుని సంచిలో పెట్టబోయాను. పైడితల్లి నా మణికట్టు పట్టుకుంది.

"ఇంకో సెవి ఉంది. ఆ పైన" అంది.

తాడు నడుముకి కట్టుకున్నాను. రెండో కొస ఆవిడ పట్టుకుంది.